ఏడుపాయల – ఒక విద్యుత్ పాఠం

ఒకే శబ్దం అనేకార్థాలను మోయడం కావ్యంలో శోభ. ఆలంకారికులు దానికి శ్లేష అని పేరు పెట్టారు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఒకవైపు రామకథను, మరొకవైపు భారతకథను నడిపిస్తుంది. తరగతిలో ఆ కావ్యాన్ని గురించి చెప్పేటప్పుడు విద్యార్థుల కళ్ళలో మెరిసే ఆశ్చర్యం ఉపాధ్యాయునికి దక్కే గొప్ప బహుమానం. కాని లోకవ్యవహారంలో, అందునా ప్రాణంతో ముడిపడిన వ్యవహారంలో, ఒకే మాట నాలుగు అర్థాలను మోయడం శోభ కాదు, ప్రమాదం. అటువంటి మాట మన నిత్యజీవితంలో ఒకటి ఉన్నది. అది "కరెంటు".

"కరెంటు పోయింది" అంటాము. ఇక్కడ కరెంటు అంటే సరఫరా. "కరెంటు తక్కువగా వస్తున్నది" అంటాము. ఇక్కడ ఆ మాటకు వోల్టేజి అని అర్థం. "ఈ హీటరు కరెంటు బాగా తింటుంది" అంటాము. ఇక్కడ ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి అని అర్థం. "ఫలానా వానికి కరెంటు కొట్టింది" అంటాము. ఈ నాలుగవ వాక్యంలో మాత్రమే ఆ మాట తన అసలు అర్థంలో, అనగా ప్రవాహమనే అర్థంలో నిలుస్తున్నది. నాలుగు వేర్వేరు వస్తువులకు మనం ఒక్క పేరు పెట్టి పిలుస్తున్నాము. పిలుపు ఒక్కటైతే వస్తువు కూడా ఒక్కటే అనుకోవడం మనస్సుకు సహజం.

ఈ చర్చ భాషాశాస్త్ర సంబంధమైన వినోదం కాదు. మా కుటుంబంలో దీనికొక మూల్యం చెల్లించవలసి వచ్చింది.

మా చాచా వ్యవసాయదారుడు. మంజీర కాలువల చివరి ఆయకట్టున కొద్దిపాటి వరిపొలం ఉండేది. చివరి మళ్ళకు కాలువ నీరు అందని ఏడు బోరుబావే ఆధారం. నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులవి. అప్పట్లో పంపుసెట్లకు మూడు ఫేజుల సరఫరా రోజుకు కొన్ని గంటలు మాత్రమే ఉండేది. మిగిలిన సమయంలో ఊరి దీపాల కొరకు ఒక్క ఫేజు మాత్రమే వచ్చేది. ఒక్క ఫేజుతో మోటారు తిరగదు. అందుచేత ఆ సమయాన్ని రైతులు "కరెంటు లేని వేళ" అనేవారు. ఒక రాత్రి చాచా తడిసిన మడిలో వట్టికాళ్ళతో నిలబడి, స్టార్టరు ఇనుపపెట్టె మూత తీయబోయాడు. పక్క చేనాయన "సాబ్, చెప్పులేసుకోండ్రి" అని హెచ్చరించాడట. "కరెంటే లేదు గద, ఏమైతది" అన్నది చాచా చివరి మాట. తీగ తొడుగు అరిగి, ఉన్న ఆ ఒక్క ఫేజు పెట్టెకు తగులుతూ ఉన్నదని తెల్లవారిన తరువాత గాని ఎవరికీ తెలియలేదు.

ఊరివారు అది తఖ్దీర్ అన్నారు. విధి అన్నవారూ ఉన్నారు. ఆ మాటలను నేను కాదనను. కాని చాచా వాక్యంలో ఒక పదం తన అర్థానికి మించిన బరువును మోసిందన్నది కూడా నిజం. మోటారు తిరగడానికి కావలసిన మూడు ఫేజులు లేవు, నిజమే. మనిషిని చంపడానికి కావలసిన 230 వోల్టులు మాత్రం ఆ పెట్టెపై నిండుగా ఉన్నాయి.

తెలుగు బోధించే నాకు విద్యుత్తుతో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. మాటలను వేరుచేసి చూపడమే నా వృత్తి అని నా సమాధానం. విచిత్రమేమంటే మన కళాశాలలో వినిపించే రెండు భాషలూ ఈ విషయంలో ఒకే చోటికి చేరుకుంటాయి. తెలుగువారి "విద్యుత్తు"కు మెరుపని అర్థం. ఉర్దూవారి "బర్ఖ్"కు కూడా మెరుపనే అర్థం. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆరంభమైనప్పుడు, అంతకు ముందు సంవత్సరమే ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమా పండితులు పాశ్చాత్య శాస్త్రాల పదాలకు ఉర్దూ మాటలను కూర్చారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో అటువంటి కృషినే చేసింది. అందుచేత ఈనాడు మనకు "నిరోధం" ఉన్నది, "మజాహమత్" ఉన్నది. "సామర్థ్యం" ఉన్నది, "తాఖత్" ఉన్నది. మాటలకు లోటు లేదు. అవి పుస్తకంలోనే ఉండిపోయి, పొలం గట్టు దాకా నడిచి రాకపోవడమే లోటు.

ఈ ఆలోచనలన్నీ నాలో ఒక రూపు దిద్దుకున్నది ఏడుపాయల వద్ద. వానలు వెనుకబట్టిన తరువాత కార్తీకమాసంలో మా కళాశాల విద్యార్థులను విహారయాత్రకు అక్కడికి తీసుకొని వెళ్ళాము. భౌతికశాస్త్ర ఉపన్యాసకులైన మిత్రులొకరు కూడా మాతో వచ్చారు.

మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో, నాగసానిపల్లి గ్రామ సమీపాన ఉన్న ఈ క్షేత్రాన్ని చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర, బీదరు సీమ మీదుగా మన నేలకు వచ్చి, చివరకు కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ నడుమ ఇక్కడి గుండ్ల మధ్య ఏడు పాయలుగా చీలి, మళ్ళీ ఒక్కటవుతుంది. ఆ పాయలకు సప్తర్షుల పేర్లున్నాయని చెబుతారు. రాతిగుహలో వనదుర్గామాత ఆలయం ఉన్నది. మహాశివరాత్రికి మూడు రోజులు జాతర జరుగుతుంది. ఎగువనున్న సింగూరు గేట్లు ఎత్తిన రోజులలో వరద ఆలయాన్ని ముంచెత్తడం ఇక్కడివారికి పరిచితమైన దృశ్యమే. సమీపంలోనే 1905లో నిర్మించిన ఘనపురం ఆనకట్ట ఉన్నది. దాని రెండు కాలువల పేర్లు మహబూబ్ నహర్, ఫతే నహర్. నిజాం నాటి నహరులు నేటికీ రైతు పొలాన్ని తడుపుతున్నాయి.

గుండు మీద కూర్చొని పాయలను చూస్తున్న విద్యార్థులతో మా మిత్రులు ఇలా అన్నారు. "పిల్లలూ, మీరు ప్రయోగశాలలో కట్టే సమాంతర వలయం ఇదే. పాయలన్నీ ఒక్క చోట విడిపోయి, ఒక్క చోట కలుస్తున్నాయి. కనుక పైనున్న మట్టానికీ కింది మట్టానికీ గల ఎత్తు భేదం ఏడింటికీ సమానం. ఆ ఎత్తు భేదం వోల్టేజి వంటిది. పాయలో పారే నీరు ఆంపియర్లలో కొలిచే ప్రవాహం. పాయకు అడ్డుపడే రాళ్ళు, ఇరుకు, మలుపులు ఓములలో కొలిచే నిరోధం. ఈ నీరు దిగుతూ ఒక తిరగలిని తిప్పితే, క్షణక్షణం అది చేయగల పని వాట్లలో కొలిచే సామర్థ్యం."

నేను మనస్సులో లెక్కపెట్టుకున్నాను. ఎత్తు, పారుదల, అడ్డు, పని. పల్లెలో మనం ఒక్క "కరెంటు" మాటలో కుక్కిన అర్థాలు నాలుగు పేర్లతో నా కళ్ళెదుట విడివిడిగా పారుతున్నాయి. ఏ రైతూ నీటి విషయంలో వీటిని కలగలపడు. "కాలువలో ఎత్తున్నది గాని పారుదల లేదు" అని అతడు స్పష్టంగా చెప్పగలడు. కంటికి కనిపించేదానికి మన భాషలో మాటలు సమృద్ధిగా ఉన్నాయి. కనిపించని దానికే కరువు.

కనిపించని దానిని చూపించేది గణితం. వోల్టేజినీ ప్రవాహాన్నీ పరికరాలతో కొలవవచ్చు. ఆ రెండు అంకెలూ చేత చిక్కితే మిగిలిన రెండింటిని కాగితం మీద రాబట్టవచ్చు. వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే నిరోధం వస్తుంది. వోల్టేజిని ప్రవాహంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. ఒక భాగహారం, ఒక గుణకారం. ఇందులో మొదటిదానికి మూలమైన నియమాన్ని 1827లో గ్రంథస్థం చేసిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలో మనవంటి ఉపాధ్యాయుడే. ఆయన కృషికి 1841లో గాని లండన్ రాయల్ సొసైటీ వారి కాప్లే పతకం రాలేదు.

ఆనాడు మా మిత్రులు వేయించిన లెక్క ఇది. పాత రకం 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద వెలిగేటప్పుడు సుమారు 0.435 ఆంపియర్లు తీసుకుంటుంది. 230ని 0.435తో భాగిస్తే నిరోధం దాదాపు 529 ఓములు. ఇది వెలుగుతున్న, కాగిన తీగ నిరోధం. చల్లని తీగ నిరోధం ఇందులో పదవ వంతుకు కూడా చేరదు. స్విచ్చి వేసిన క్షణంలోనే బల్బులు తరచుగా మాడిపోవడానికి కారణమిదే. అటువంటి బల్బులు ఏడింటిని ఏడు పాయలవలె సమాంతరంగా కలిపితే ప్రవాహం ఏడింతలై 3 ఆంపియర్లు దాటుతుంది. మొత్తం నిరోధం 529లో ఏడవ వంతు, అనగా సుమారు 76 ఓములకు తగ్గుతుంది. సామర్థ్యం 700 వాట్లు.

ఇక్కడ ఒక విద్యార్థిని సందేహపడింది. "సార్, బల్బులు పెరిగితే నిరోధం పెరగాలి గదా, తగ్గడమేమిటి?" మా మిత్రులు నది వైపు చూపించారు. పాయ పెరిగితే నీటికి దారి పెరిగినట్లు, అడ్డు పెరిగినట్లు కాదు. అవే ఏడు బల్బులను ఒకదాని వెనుక ఒకటిగా శ్రేణిలో కలిపితే మాత్రం అడ్డు ఏడింతలవుతుంది. నిరోధం మారదనుకుంటే ఒక్కొక్క బల్బుకు దక్కేది 49వ వంతు సామర్థ్యం, సుమారు 2 వాట్లు మాత్రమే. అందుకే ఇంటిలోని దీపాలను ఏ మేస్త్రీ అయినా సమాంతరంగానే కలుపుతాడు. జాతరలో ఒక్క సన్నని తీగ మీద దుకాణం వెనుక దుకాణం తగిలించుకుంటూ పోతే జరిగేది కూడా ఇదే. పాయలు పెరిగేకొద్దీ పైనున్న నది బరువెక్కుతుంది. 1000 వాట్ల హీటరు ఒక్కటి 4.35 ఆంపియర్లు లాగుతుంది. ఐదు హీటర్లు 21 ఆంపియర్లు దాటుతాయి. ఆ ప్రవాహమంతా మొదటి తీగ గుండానే రావాలి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. ప్రవాహం ఐదింతలైతే వేడి ఇరవై ఐదింతలు. నిప్పు పుట్టడానికి అంతకంటే ఏమి కావాలి?

మేము మాట్లాడుకుంటున్నది ఆలకిస్తూ నిలబడిన ఒక వృద్ధ రైతు ముందుకు వచ్చాడు.

"సారూ, నాదొక్క మాట. కరెంటు తక్కువొస్తె మోటరు కాలింది అంటరు. తక్కువొస్తె సల్లగుండాలె గద, కాలుడెట్ల?"

ఎంత తర్కబద్ధమైన ప్రశ్న! అతని తర్కంలో దోషం లేదు. దోషమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. మా మిత్రులు అతనిని పక్కన కూర్చోబెట్టుకొని "పెద్దయ్యా, తక్కువొచ్చింది వోల్టేజి. కాల్చింది ఆంపియరు. రెండూ వేరు" అని వివరించారు.

హీటరు విషయంలో ఆ వృద్ధుని ఊహ సరిగానే ఉంటుంది. దాని నిరోధం సుమారు 53 ఓములు. వోల్టేజి 230 నుండి 180కి పడిపోతే ప్రవాహం కూడా తగ్గి, సామర్థ్యం 1000 వాట్ల నుండి 610 వాట్లకు దిగజారుతుంది. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, అంతే. మోటారు స్వభావం అట్లా కాదు. బోరులోని నీటిని పైకి తోయవలసిన బరువు తగ్గలేదు. 5 హార్స్ పవర్ అంటే 3,730 వాట్ల పని. మూడు ఫేజుల మీద 415 వోల్టులు ఉన్నప్పుడు అందుకు ఉజ్జాయింపుగా 8 ఆంపియర్లు చాలు. 320 వోల్టులే వస్తే అదే పనికి 10 ఆంపియర్లు మించుతాయి. సామర్థ్యం వోల్టేజి, ప్రవాహాల లబ్ధం గదా! ఒకటి తగ్గితే రెండవది పెరిగి తీరాలి. ప్రవాహం అంతగా పెరిగినప్పుడు చుట్టలలో వేడి వర్గానుసారంగా ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. లోపలి ఇనామెల్ పూత మాడుతుంది. రైతు చేతికి వైండింగు ఖర్చు మిగులుతుంది.

వృద్ధుడు కొంతసేపు మౌనంగా ఉండి, "అంటే ఎత్తు తగ్గితే అదే నీళ్ళ మిల్లు తిప్పనీకి ఎక్కువ పారాలె, అంతేనా?" అన్నాడు. అంతే. ఒక్క క్షణంలో అతడు మా అందరికంటే చక్కగా చెప్పాడు. అతనికి కావలసి వచ్చింది రెండవ మాట మాత్రమే.

నా మనస్సు మాత్రం చాచా దగ్గరే ఉన్నది. తిరిగి వచ్చేటప్పుడు మా మిత్రులను అడిగి ఆ లెక్క కూడా వేయించుకున్నాను. పొడిగా, గట్టిపడిన చర్మానికి చాలా నిరోధం ఉంటుంది. తడిసిన దేహానికి అది 1000 ఓముల ప్రాంతానికి పడిపోతుంది. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు. ఒక బల్బు తీసుకునే దానిలో సుమారు సగం. అందులో నాలుగవ వంతు ప్రవాహం ఒకటి రెండు సెకనులు గుండె గుండా సాగితే చాలు, గుండె లయ తప్పుతుంది. చాచాను తీసుకొనిపోయింది ఇంత చిన్న భాగహారం.

మరొక అపోహను కూడా నది ఆనాడు తొలగించింది. విద్యుత్తు తక్కువ నిరోధం గల దారినే పోతుందని చాలామంది నమ్ముతారు. పెట్టెకు ఎర్తు తీగ ఉన్నది గనుక మనిషి జోలికి రాదని ధైర్యపడతారు. ఏడుపాయలలో పెద్ద పాయ ఉన్నదని చిన్న పాయ ఎండిపోయిందా? ప్రతి పాయా తన అడ్డును బట్టి తన వాటా తీసుకుంటూనే ఉన్నది. విద్యుత్తూ అంతే. వేసవిలో ఎండిన గుంటలోని ఎర్తు నిరోధం 50 ఓములున్నదనుకుందాం. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి చలించదు. పెట్టె మీద వోల్టేజి అట్లాగే ఉంటుంది. పెట్టెను ముట్టిన మనిషి వాటా 0.23 ఆంపియరు అట్లాగే ఉంటుంది. అదే ఎర్తు నిరోధాన్ని 5 ఓములకు తగ్గిస్తే 46 ఆంపియర్లు దూకి ఫ్యూజు కాలుతుంది, మనిషి బతుకుతాడు. ఎర్తు గుంటలో ఉప్పు, బొగ్గు వేసి తడుపుతూ ఉండాలని పెద్దలు చెప్పేది ఆచారం కాదు, భాగహారం.

అంతకంటే మేలైన రక్షణ కూడా ఉన్నది. విడిపోయిన పాయల నీరంతా కలిసిన చోట లెక్కకు రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో గండి పడినట్లే. ఈ ఒక్క సూత్రం మీదనే లీకేజి ట్రిప్ పరికరం పనిచేస్తుంది. పోయిన ప్రవాహానికీ తిరిగి వచ్చిన ప్రవాహానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే, ఆ తేడా ఒక మనిషి దేహం గుండా పోతున్నదేమోనని శంకించి, కనురెప్పపాటులో సరఫరాను తెంచివేస్తుంది. అటువంటి చిన్న పెట్టె ఒకటి ఆనాడు మా పొలంలో ఉంటే మా ఇంటి కథ మరొక విధంగా ఉండేది.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఆరంభమైంది. చాచా "కరెంటు లేని వేళ" అన్న దానికి ఆ రోజుతో అర్థం మారింది. కాని మాట మారలేదు. ఫ్యూజు పోయినా, ఒక ఫేజు తెగినా, మోటారు ఆగగానే "కరెంటు లేదు" అనే అంటున్నాము. ఆగింది మోటారు మాత్రమే. తీగలో ఏమున్నదో మోటారు చెప్పదు. టెస్టరు చెబుతుంది, మీటరు చెబుతుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది పల్లెల నుండి వచ్చినవారు. మీ తండ్రులు, చిన్నాన్నలు, చాచాలు నేటికీ తడికాళ్ళతో స్టార్టరు పెట్టెల వద్ద నిలబడుతున్నారు. పరీక్షలో ఐదు మార్కుల కొరకు మీరు కంఠస్థం చేసే ఆ రెండు సూత్రాలను ఈ సెలవులలో ఇంటికి తీసుకొనిపొండి. విజ్ఞానశాస్త్రం చదివినవారు అంకెలు చెప్పండి. నావలె సాహిత్యం చదివినవారు మాటలు చెప్పండి. "కరెంటు లేదు" అని ఎవరైనా అనగానే "ఏది లేదు? వోల్టేజి లేదా, ప్రవాహం లేదా, మోటారు తిరగడం లేదా?" అని అడగండి. పెద్దలు మొదట నవ్వవచ్చు. అయినా అడగండి. మెయిన్ స్విచ్చి దించి, టెస్టరుతో చూసి, కాలికి చెప్పులు తొడిగి, చేయి ఆరబెట్టుకున్న తరువాతనే పెట్టెను ముట్టమనండి.